బండి ఱ

నా ల్యాప్‌టాప్‌కు పన్నెండేళ్లు.
కుడిపక్క రెండు పోర్టులూ
పోయిన వానాకాలమే మూగపోయాయి.
ఎడమపక్కది ఒక్కటి మిగిలింది,
దానికీ కొంచెం నత్తి.

కొత్తది కొనమంటారు అందరూ.
కొత్తదాంట్లో నా ఫాంట్లు తెరుచుకోవు.
అప్పు చేసి కొన్న అక్షరాల తాళంచెవి,
బొటనవేలంత నల్లటి డాంగిల్,
కొత్త మొహాలను గుర్తుపట్టదు.

డాంగిల్ పెడితే మౌస్‌కు చోటు లేదు,
మౌస్ పెడితే ప్రింటర్‌కు లేదు.
పోనీ అని డాంగిల్ పీకితే
తెరమీద ఐలేశం గారి ఆత్మకథంతా
పరాయి లిపి పిచ్చిగీతలైపోతుంది.

ఆయన ఆర్టీసీలో ముప్ఫైమూడేళ్లు కండక్టరు.
నాలుగు వందల పేజీలు, దిద్దుబాట్లన్నీ ఆకుపచ్చ సిరా,
ఎఱ్ఱబస్సుకు బండి ఱ పడాల్సిందేనని పంతం.
"బండే లేకుంటే బస్సెట్ల నడుస్తదమ్మా?"

చిక్కడపల్లిలో షట్టర్ సగం దించి
సికింద్రాబాదు బస్సెక్కాను,
జ్వరమొచ్చిన పిల్లలా ల్యాప్‌టాప్ ఒళ్లో.

చెనాయ్ ట్రేడ్ సెంటర్, రెండో అంతస్తు.
తాజుద్దీన్ దుకాణం నా వంటగదికంటే చిన్నది.
పైకప్పు నుంచి కేబుళ్లు
పొట్లకాయల్లా వేలాడుతున్నాయి.
"హబ్ కావాలి" అన్నాను.
కూర కావాలి అన్నట్టుంది కాబోలు, నవ్వాడు.
గాజుబల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు.

కోలమూతి కొత్తవి నా దానికి అతకవు.
నీలం నాలుకవి, నాలుగింతల ధర.
"అంత ఉరుకుడు మీ మిషన్‌కు చాతగాదు మేడం,
పైసలు దండగ."
అమ్మేవాడే వద్దనడం వింతగా తోచి
అతని ముఖం చూశాను:
మూడు రోజుల గడ్డం, చెవి వెనక టెస్టర్.

అగ్గిపెట్టెంతది ఒకటి, రెండు వందల యాభై.
నా చెయ్యి దానివైపే పోయింది, దాచడమెందుకు.
అతను దానికి నాలుగు వైర్లు గుచ్చి చూపించాడు.
మౌస్ ఎర్రగా మిణికి, ఆరిపోయింది.
"ఒక్క నల్లా. నాలుగు బిందెలు.
ధార సన్నగైతది గదా?
గిది తీస్కోండ్రి, దీనికి సొంత కరెంటు,
గోడల కెల్లి తాగుతది."

నల్లా ముచ్చట నాకు చెప్పాలా,
రోజు విడిచి రోజు నీళ్లొచ్చే గల్లీదాన్ని.

తెర మసకబారింది, పెద్ద మానిటర్‌కు కూడా ఏదైనా అన్నాను.
రెండు ముక్కలు పక్కపక్కన పెట్టాడు, కవలలు.
ఒకటి పాతదాన్నుంచి కొత్తదానికి,
ఇంకోటి కొత్తదాన్నుంచి పాతదానికి.
తిరగేసి పెడితే సరిపోదా?
"అటుకెల్లి ఇటొచ్చేది
ఇటుకెల్లి అటు వోదు మేడం."
నిజమే. నా బల్లమీది నిఘంటువూ అంతే,
తెలుగు తెలిస్తేనే ఇంగ్లిషు చెబుతుంది.

పదిహేడు వందలన్నాడు,
పద్నాలుగుకు తెగింది.
డబ్బా పారెయ్యొద్దని రెండుసార్లు చెప్పాడు.

రాత్రి, తొమ్మిది దాటాక
ఒంటి పోర్టుకు హబ్ తగిలించాను.
అక్షరం కింద వొత్తులా వేలాడింది.
డాంగిల్ గుచ్చితే పలకలేదు.
తీసి, ఊది, మళ్లీ గుచ్చాను. పలకలేదు.
తాజుద్దీన్‌నూ, వాళ్ల దుకాణాన్నీ, నా పద్నాలుగు వందలనూ
వరసపెట్టి తిట్టుకున్నాక కనపడింది,
గోడ స్విచ్ వెయ్యలేదు.

ప్రింటర్ గొంతు సవరించుకుంది.
నూట పదహారో పేజీ వేడివేడిగా జారింది.
ఎఱ్ఱబస్సు.
ఒక బండి, దాని కింద తగిలించిన ఇంకో బండి,
రెండూ ఎక్కడా విరగకుండా.

మౌస్ మాత్రం ఆగి ఆగి కదులుతోంది.
రేపు ఐలేశం గారొస్తారు,
కళ్లజోడు సవరించుకుని
ఇంకేదో తప్పు పట్టుకుంటారు,
ఆకుపచ్చగా.