ఉప్పుకి రెండు పేర్లు లేవు

మొదట పోయింది నా పేరు.
ఆ తర్వాత మంచినీళ్ళు.
"తణ్ణి" అన్నాడు పోలయ్య, చెంబు వైపు చూస్తూ,
పదిహేడేళ్ళు నాతో తెలుగులోనే తగువులాడిన మనిషి.

ఎగతాళి అనుకున్నాను.
కాశిమేడు రేవులో ఐసు కొట్టేవాళ్ళకి
పగలంతా నోట్లో అరవమే కదా,
ఇంటికొచ్చాకా కాస్త అంటుకునుందేమో అనుకున్నాను.
మూడోనాడు కుడిచేతిలోంచి గ్లాసు జారింది.
గ్లాసు వంక చూశాడే గానీ
చేతి వంక చూడలేదు.

బీచ్ స్టేషన్ నుంచి తాంబరం శానిటోరియం దాకా
ఎలక్ట్రిక్ రైల్లో నా భుజమ్మీద అతని తల.
లోపలెవరో కాపురం పెట్టినంత బరువు.

ఆస్పత్రి మిషను ఆగిపోయి, బయట స్కానుకి
ఉన్న ఒక్క ఉంగరం తాకట్టు పెట్టాను.
డాక్టరమ్మ ఫిల్ముని కిటికీకి ఆనించింది.
తెల్లగా మూడు ఉంగరాలు.
ఒకటిచ్చి మూడు తెచ్చుకున్నామన్నమాట.

"ఇంట్లో పిల్లులున్నాయా?"
వచ్చీరాని తెలుగు.
నవ్వకూడని చోట నవ్వొచ్చింది నాకు.
చేపల రేవమ్మా అది,
పిల్లుల ఇంట్లోనే మేముంటున్నాం.

ఏ చిన్నప్పుడో చేరిన పురుగంది.
చాలామంది తలల్లో అలాగే పడుకునుంటుందట,
కాపలావాడు మేలుకునున్నంతకాలం.
అతని కాపలా లెక్క ముప్ఫై ఎనిమిది.
నాది నాలుగొందల పన్నెండు.
ఒకే జబ్బుకి ఇంత తేడా ఏమిటని
నేనడగలేదు. ఆవిడే అడిగింది.

మర్నాడు తోటివాడు తెచ్చిచ్చాడు మాత్రల డబ్బా.
ఐసు ఫ్యాక్టరీలో, రంపపు పొట్టు బస్తాల వెనక,
మేస్త్రీ కంట పడుతుందని దాచి దాచి
ఏడు నెలలుగా మూత తీయని డబ్బా.
తిట్టాలనిపించింది.
ఏ భాషలో తిట్టను?
నాకు అరవంలో ధరలే వచ్చు.

రాత్రుళ్ళు మాటలు ఒక్కొక్కటే అతని ముందు పెడతాను.
చెయ్యి, అంటాను. కై, అంటాడు.
పడవ, అంటాను. ఫ్యాను వంక చూస్తాడు.
కన్ను, అంటాను.
కన్ను, అంటాడు.
ఊరు.
ఊరు.
ఈ మాటల దగ్గర తడ చెక్‌పోస్టు లేదు,
ఆపేవాడు లేడు, బండి అలా వెళ్ళిపోతుంది.

ఓ రోజు గంజి చప్పగా ఉందని
ఎడమ వేలు చూపించి "ఉప్పు" అన్నాడు.
ఏ భాషలో అన్నాడో తేల్చుకోలేక
స్పూను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

పదకొండోనాడు కుడి బొటనవేలు కదిలింది.
పన్నెండోనాటి పొద్దున నర్సు సూది గుచ్చుతుంటే
అచ్చ తెలుగులో, మా రేవు తెలుగులో,
నలుగురిలో చెప్పకూడని మాటొకటి అన్నాడు.
నర్సుకి అర్థం కాలేదు.
అంత చక్కని తిట్టు నేను పుట్టి వినలేదు.

నా పేరింకా రాలేదు.
తొమ్మిదింటికి నా మాత్ర నేనేసుకుని,
అతనిది అతని నాలుక మీద పెట్టి,
వైరుబుట్టలోంచి ఉప్పు పొట్లం తీశాను.