మిల్లు గోడ మీద గులాబి

మిల్లు సైరను ఆగిపోయిన ఏడు
నెల్లిమర్లలో మా వీధికి
టైమెంతయిందో తెలిసేది కాదు.
దాలమ్మ ఒక్కతే లెక్క తప్పలేదు.
ఎండ బంగళా గోడ సగానికి దిగితే చాలు, కేకేసేది:
"బేగి రండ్రా గుంటల్లారా, లేతగున్నప్పుడే ఇరవాల."

నాటిన దొరసాని ఎవరో ఎవరికీ తెలీదు.
కత్తెర పట్టే మాలి కూడా ఊరొదిలి పోయాక
ఆ తీగకి అడవి గుర్తొచ్చింది.
గాజుపెంకులు దాటి,
కరెంటు లేని స్తంభాన్ని వాటేసుకుని,
మా వైపు దిగింది.
ఐదే రేకులు.
పూలకొట్టులో ఎవరూ బేరమాడనంత చిన్న పువ్వు.

ముల్లు ఇంకా మెత్తగా ఉన్న చిగురుకొమ్మని
గోటితో వొలిచి పెట్టేది దాలమ్మ.
ముందు పచ్చివాసన, తర్వాత వగరు,
నమలగా నమలగా ఎక్కడో కూసింత తీపి.
ఆ కూసింత కోసమే అంతా నమిలేవాళ్ళం.
రేకులు బెల్లంతో దంచితే చోడి అంబలిలోకి నంజు.
"కడుపులోన గందం రాసినట్టు లేదేటి?" అని నవ్వేది.

నాన్న నవ్వేవాడు కాదు.
చేతులకింకా గోగునార వాసన.
వాటినేం చెయ్యాలో తెలీక
తువ్వాలు మడతపెట్టి, విప్పి,
మళ్ళీ మడతపెట్టేవాడు.

చలికాలానికి కాయలొచ్చాయి,
ఎర్రగా, రేగుపళ్ళంత.
ఆగలేక ఒకటి కొరికేశాను.
గింజల చుట్టూ నూగు! గొంతంతా దురద, కళ్ళంట నీళ్ళు.
దాలమ్మ నా వీపు చరిచి,
ఇంకోటి చీల్చి, పుల్లతో నూగంతా గోకి,
ఎర్రతోలు మాత్రం నా నాలిక మీద పెట్టింది.
ఆమె మోచేతి దాకా గీతలు.
ఊదబోతే చెయ్యి లాక్కుంది.
"ముల్లంటే ఏటనుకున్నావే?
దాని సెయ్యి అది.
పట్టుకోకపోతే గోడెలాగెక్కుద్ది?"

మాఘమాసంలో గేటు తెరిచారు.
సైరను మోగితే కుక్కలు కూడా ఉలిక్కిపడ్డాయి.
మొదటిరోజు నాన్నకిచ్చిన పని
బంగళా గోడ శుభ్రం చెయ్యడం.

ఆ రాత్రి మా ఇంట్లో వరన్నం.
తిన్నాక, దీపం దగ్గర అమ్మ
పిన్నీసుతో నాన్న అరచేతిలో ముళ్ళు తీస్తోంది.
దాలమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఏరు కూడా పీకీసినావేటి?"

నాన్న అరచెయ్యి మూసుకున్నాడు.
"మర్సిపోనానప్పా," అన్నాడు.