చెంపరాత

కాలువ మీద మంచు ఇంకా లేవలేదు ఆ పొద్దున.
జజియాంగ్‌లో, మా క్లినిక్ మెట్ల మీద
ముగ్గురు తోబుట్టువులు పరగడుపున కూర్చున్నారు
చొక్కా చేతులు పైకి మడిచి.
లింగ్‌ది పెద్దది. వెనక తమ్ముణ్ణి తీసుకురమ్మని
ఆమె పేరులోనే పురమాయించారు కన్నవాళ్ళు.
ఇద్దర్ని తెచ్చింది.

అగెన్ ఊరుకోడు.
"రోజుకి రెండు గిన్నెల బియ్యపు కల్లు, నర్సమ్మా,
పక్షవాతం రాకుండా కాస్తుందట. మీ డాక్టర్లే అన్నారు.
మా వీధిలో చూసుకో, తాగనివాళ్ళే ముందు పోతున్నారు."

చూశాను. వీధి వీధీ చూశాను.
తాగనివాళ్ళలో సగంమంది నిన్నటిదాకా తాగినవాళ్ళే.
కాలేయం వాచాక, ఒక చెయ్యి చచ్చుపడ్డాక
గిన్నె బోర్లించినవాళ్ళు.
మానినందుకు పోయారా, పోయేకాలం వచ్చి మానారా,
చావుల రిజిస్టరులో ఆ గడి లేదు.
మితంగా తాగేవాడి ఇంట్లో చేప ఉడుకుతుంది,
నెలకి జీతం వస్తుంది, రాత్రికి నిద్ర వస్తుంది.
పేరు మాత్రం గిన్నెకి.
కాకి వాలింది, తాటిపండు రాలింది.
అడిగితే తన బరువే అంటుంది కాకి.

ఎవర్నని ఇరవై ఏళ్ళు తాగమంటాం,
ఎవర్నని ఇరవై ఏళ్ళు ముట్టొద్దంటాం,
చీట్లు తీసి, ఇది పరీక్ష అని చెప్పి?

ఆ చీట్లు ముందే తీసి ఉన్నాయి.
అమ్మలో సగం, నాన్నలో సగం పంచే క్షణాన
బొమ్మా బొరుసా అని,
ఈ ముగ్గురికీ విడివిడిగా.
పొలమెంతో చూడలేదు, చదువు చూడలేదు,
పెద్దయ్యాక చుట్ట కాలుస్తావా అని అడగలేదు.

అమావ్‌కి బొరుసు పడింది.
ఒక్క గుక్కకి చెంపలు కందిపోతాయి,
చెవుల్లో డప్పు మోగుతుంది.
పెళ్ళిళ్ళలో అతని గిన్నె పక్కవాడు తాగుతాడు.
నుదుటిరాత ఎవరు చదివారో తెలీదు గానీ
ఈ చెంపరాత బల్ల చుట్టూ కూర్చున్న అందరూ చదివేస్తారు.
(ఎర్రబడుతూనే మర్యాదకి తాగేవాళ్ళూ ఉన్నారు.
వాళ్ళ లెక్క వేరు. అది గొంతు దగ్గర తేలుతుంది.)

అగెన్‌కి ఆ అడ్డు లేదు.
అలాంటి అగెన్‌లని వేలమందిని ఒకవైపు,
అమావ్‌లని ఒకవైపు నిలబెట్టి చూస్తే
రక్తపోటు మెట్లెక్కుతూ పోయింది, దాని వెనకే పక్షవాతం.
మొదటి రెండు గిన్నెల దగ్గర
ఒక చిన్న పల్లం ఉంటుందని వెతికాం,
అగెన్ చెప్పిన ఆ చల్లని పల్లం.
లేదు. అక్కడా ఎక్కుడే.

అయినా ఒక అనుమానం నన్ను పీకుతూనే ఉంది.
ఆ బొరుసే మరో దారిన కాపాడుతోందేమో,
గిన్నెతో నిమిత్తం లేకుండా
నెత్తుట్లో గుట్టుగా ఏదో చేస్తోందేమో?

అప్పుడు లింగ్‌ది గుర్తొచ్చింది.
ఎర్రబడే అక్షరం ఆమెలోనూ ఉంది.
ఆమెకి తెలియదు. డెబ్భై ఒక్క ఏళ్ళలో
ఒక్క చుక్క నాలుక మీద పడలేదు.
వాళ్ళింట్లో ఆడవాళ్ళు పోస్తారు, తాగరు, అంతే.
తండ్రికి పోసింది, మొగుడికి పోసింది,
పండక్కి అగెన్‌కి మూడోసారి కూడా పోసింది.
అలాంటి ఆడవాళ్ళని వేలమందిని లెక్కవేస్తే
అక్షరం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ
రక్తపోటు ఒక్కటే.
తాగని ఒంట్లో ఆ అక్షరానికి నోరు లేదు.
తప్పు గిన్నెది.

అగెన్‌కి చెప్పాను, చాలా ఏళ్ళకి.
"ఇది వేలమంది లెక్క, నీ ఒక్కడిదీ కాదు" అని కూడా చెప్పాను,
అబద్ధం ఆడకూడదు కదా.
ఆ రెండో వాక్యమే అతనికి నచ్చింది.

ఇంకోటి చెప్పాలి, ఆ మంచు పొద్దున్నది.
లింగ్‌ది నరం సన్నం. రెండో పోటుకి గానీ దొరకలేదు.
గొట్టం నిండుతుంటే అడిగింది:
"నేను తాగను కదమ్మా, నా నెత్తురు మీకెందుకు?"
నాకూ తెలియదు అప్పటికి.
జాబితాలో పేరుంది అక్కా, అన్నాను.

సరే అంది.
మోచేతి మడతలో దూది అలాగే నొక్కిపట్టి
మిగిలిన చేత్తో
అగెన్ చొక్కా గుండీ పెట్టింది.