ఒత్తుల గది

నిలబెట్టిన ఐదు రూపాయల బిళ్ళంత ఎత్తు.
అంతకన్నా ఎదగనివ్వదు మెషీను అక్షరాన్ని,
తగ్గిందా, సిరా అందదు.
ఆ ఎత్తు మీదే నా తీగలూ మొగ్గలూ
అన్నీ కుడిఎడమలుగా, అద్దంలో మొహంలా,
చెక్కుకోవాలి.

అల్లిపురం సందులో, ట్రెడిల్ పక్కన స్టూలు మీద కూచుని
ఏటికొప్పాక నించి తెచ్చిన అంకుడు కర్రని
అడ్డంగా కోసి, నునుపు పట్టి,
తలకట్టు దగ్గర మొదలుపెట్టాను.

తలకట్టంటే ఏమిటి?
ఇన్నాళ్ళూ రాస్తూనే ఉన్నాను, ఒక్కసారీ చూడలేదు.
ఫిషింగ్ హార్బరు మీద వాలబోయి వాలని కొంగ అనుకున్నాను ఓ పూట,
ఇంకో పూట, బిగించి వదిలేసిన మోకు కొస.
తొమ్మిది కాగితాలు చించాక
తలకట్టు తలకట్టేనని తెలిసింది.
దానికి రెక్కలు పెట్టడం మానేశాను.

ఏది ఎన్ని కావాలో లెక్క చెప్పింది గవిరమ్మ,
ముప్పై ఏళ్ళుగా కేసు ముందు నిలబడ్డ మనిషి.
"ఙ ఒక్కటి సాలు, అదీ సూసుకోడానికి.
ఱ ఎవుడడుగుతాడు?
ప ఒత్తులు మాత్రం గంపెడు కావాల బాబూ.
ఈ ఊళ్ళో కార్డేయిద్దామని వచ్చినోడల్లా
అప్పలరాజో, అప్పలనర్సో, అప్పయ్యమ్మో!"
అలా సింహాద్రి అప్పన్న
నా పట్టికలోకి
కింది వరస నించి వచ్చాడు.

మొదటి ప్రూఫు తీసిన రోజు
సిరా అంతా పూల గుంటల్లో నిండిపోయి
ఠ బొట్టయింది, థ బొట్టయింది,
రెండూ ఒకే బొట్టు.
గవిరమ్మ కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టింది.
"ఏటిది బాబూ, అచ్చరమా, అరిసా?
పువ్వులెక్కువైపోనాయి. పేరేదీ?"
ఆ రాత్రి పువ్వులన్నీ గీకేశాను.
ఒక్కో అక్షరానికి ఒక్కటే మిగిలింది, అదీ మొగ్గ.

ఆషాఢంలో కర్ర ఉబ్బింది.
బుధవారం సరిపోయిన వరస
గురువారం చేజులో పట్టలేదు.
ఉప్పుగాలి పెంచినదాన్ని
ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ కూచున్నాను
చ నీ, ఘ నీ, ఒళ్ళు చేసిన ణ నీ.

మొదటి గిరాకీ గరికిన ఎల్లాజీ.
కొత్త బోటు నీళ్ళలోకి దింపుతున్నాడు, నూట యాభై కార్డులు.
బోటుకి వాళ్ళమ్మ పేరు: పోలమ్మ.
నాలుగు ముక్కలు. పో, ల, మ, దాని కింద చిన్న మ.
స్టిక్కులో పేర్చి చూపించాను, గొప్పకి.
అతని మొహం మాడిపోయింది.
"మాయమ్మ పేరు బోర్లేసీసినారేటండీ?"

నీళ్ళ మీద బతికేవాడికి
బోర్లా అన్న మాట ఎక్కడ తగులుతుందో
నాకు తట్టనే లేదు.
అద్దం అనీ, అచ్చు అనీ ఏదో నసిగాను.
గవిరమ్మ నన్ను పక్కకి జరిపి,
మాటాడకుండా ట్రెడిల్ తొక్కి,
ఒక్క కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

అతను చదవలేదు. చదువు వచ్చో రాదో, నేనడగలేదు.
కాగితం తిరగేసి
వెనకనించి బొటనవేలితో తడిమాడు,
అచ్చు దిగినచోట కాస్త ఉబ్బి తగులుతుంది.
ల తోక దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటినించి.
"ఆఁ," అన్నాడు, "ఇప్పుడు లెగిసింది."

కార్డుల కట్ట చంకలో పెట్టుకుని, గుమ్మంలో నిలబడిపోయాడు.
"ఆ కిందున్న సిన్నది ఇచ్చీండి బాబూ,
అణియంలో పెట్టుకుంటాను."
గవిరమ్మ లెక్క చూసింది. మ ఒత్తులు పదకొండు.
గాసునూనె గుడ్డతో తుడిచి ఇచ్చేసింది,
నన్ను అడగలేదు.

ఇవాళ ఆ గదిలో పది.
ఇంకోటి చెక్కాలి,
ఈ ఊళ్ళో ప్రతి అమ్మకీ ఒకటి కావాలి కదా.
ఉలి పదును పెడుతూ అనుకుంటాను:
ఎంత దూరాన వేట మీదుందో అది,
చేపల నీచు పట్టి,
తీరిగ్గా ఉబ్బుతూ,
ఎవరి ఉప్పుకాగితానికీ అందకుండా.