తీసేసిన రాయి

పుణెలో ఎక్కాల్సిన బండి ఆరు గంటలు లేటు.
బెంచీ మీద కూర్చుని బోర్డును తిట్టుకోవడం కన్నా
లోణావళా లోకల్ నయమనిపించింది.
మళవలీలో దిగాను. నాతోపాటు దిగినవి
రెండు ఖాళీ పాలక్యాన్లు, వాటి మనిషి.

పట్టాలు దాటుతుంటే వెనకనుంచి కేక.
నారింజరంగు చొక్కా, భుజాన పొడుగు కాడ సుత్తి.
కచరూ ఓవ్హాళ్, ట్రాక్‌మన్. డ్యూటీ దిగాడు.
ఇల్లు భాజేలోనే, గుహలదాకా వస్తానన్నాడు
అడక్కుండానే.
తన పేరుకి చెత్త అని అర్థమట.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వాళ్ళమ్మ మృత్యువు కళ్ళు కప్పడానికి పెట్టింది.
మా వైపు పెంటయ్య అంటాం అన్నాను.
పెంటయ్య, పెంటయ్య అని రెండుసార్లు పలికి చూసుకుని
నవ్వాడు.

వాన. మడుల్లో ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్న వీపులు,
మోకాలి లోతు బురద, ఇంద్రాయణీ వరినాట్లు.
మెట్ల మొదట్లో ఠకూబాయి కంకులు కాలుస్తోంది
గొడుగు నిప్పుల మీదికి పట్టి
తను తడుస్తూ.

గుహ నోరు ఇంత ఎత్తుంటుందనుకోలేదు.
లోపల వాన లేదు, వాన చప్పుడుంది.
స్తంభాలు కాస్త లోపలికి ఒరిగి ఉన్నాయి
ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే
చెవి ఒగ్గినట్టు.
పైన వంపు తిరిగిన కర్ర దూలాలు.
రాతికప్పుకి దూలాలెందుకు?
కొండ కూలుతుందని వడ్రంగి భయపడ్డాడా,
చేతులకి పాత అలవాటు పోలేదా.
చివర స్తూపం.
గుండ్రంగా, నున్నగా, మొహం లేకుండా.

"బుద్ధుడేడీ?" అన్నాను ఫోన్ పైకెత్తి.
కచరూ అప్పటికే చెప్పులు విడిచి మోకాళ్ళ మీదున్నాడు.
లేచాక చెప్పాడు:
"మా తాత కూడా అదే అడిగాడట,
దీక్ష తీసుకున్న ఏడు మొదటిసారి ఇక్కడికొచ్చి.
ఇంకా ఎవరూ చెప్పలేదు."
నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

పక్క గదిలో రాతిమంచం. పడుకుని చూశాను.
సైడ్ లోయర్ బెర్తు కన్నా పొట్టి,
పాదాలు గాల్లో.
కచరూ గోడ మీద ఉలిగాట్లు తడుముతున్నాడు,
పట్టాల్లో పగులు వెతికే చేత్తో.
"వీడిది ఎడమచేతి వాటం."
జానెడు దూరం జరిగి,
"ఇక్కడ అలిసిపోయాడు.
ఇది వేరేవాడు. కుర్రాడు. తొందర."

అప్పుడడిగాడు:
"ఇంత గది తొలిచారు కదా,
తీసేసిన రాయంతా ఎక్కడ పోశారు?"

నాకు తెలీదు.
గుమ్మం దగ్గర బోర్డు శతాబ్దం చెప్పింది, స్తంభాల లెక్క చెప్పింది,
ఆ సంగతి చెప్పలేదు.

"ఇరవై ఆరేళ్ళుగా రాయి పోస్తున్నాను," అన్నాడు,
"పట్టాల కింద. ఇదే నల్లరాయి.
వాన కడిగేస్తుంది. మళ్ళీ పోస్తాను.
వాళ్ళు తీసిన కాడికి తీశారు."
ఆ తర్వాతేదో మరాఠీలో గోడతో అన్నాడు,
నాకు అందలేదు.

దిగేటప్పుడు ఠకూబాయి నా దగ్గర కంకికి డబ్బు తీసుకుంది,
అతని దగ్గర తీసుకోలేదు.
స్టేషన్లో, ప్లాట్‌ఫాం అంచుకి దొర్లివచ్చిన ఒక కంకరరాయిని
అతను కాలితో పట్టాల వైపు నెట్టాడు,
ఇంట్లో గడప దగ్గర చెప్పు సర్దినట్టు.

లోకల్ కదిలాక అరికాలిలో ఏదో గుచ్చుకుంది.
చెప్పులో చిన్న నల్లరాయి.
గుహదో, పట్టాలదో.
శివాజీనగర్ దాకా
తీయలేదు.