నాలుగు గాట్లు

వంటింటి బల్ల మీద ఐదు ఉక్కు చోక్‌లు,
ఒక్కొక్కటీ నా బొటనవేలంత.
అంచున గాట్లు: ఒకటుంటే బిగువు, ఐదుంటే బార్లా.
కరెంటు పోయినా గోటితో చదువుకోవచ్చు.
గాట్లు పెరిగేకొద్దీ గొంతు వదులు.
మొదట్లో దీన్ని తిరగేసి నేర్చుకుని
ఒక సీజనంతా ఓడిపోయాను, అది వేరే సంగతి.

రేపు కుహ్మో అవతల కంకర గనిలో పోటీ.
కాగితం మీద గీసి పంపారు:
ఎనిమిది మీటర్ల దగ్గర ఆరు రేకులు,
పాతిక మీటర్ల దగ్గర ఇంకొకటి,
దాని భుజానికి ఆనుకుని తెల్లరేకు, తాకితే జరిమానా.
ఆపైన నలభై మీటర్ల దూరాన
రెండు అట్ట బొమ్మలు, వాటికి స్లగ్గులే.
బజర్ మోగాక చోక్ మార్చే తీరికుండదు.
గుప్పెడు గింజలనీ, ఒంటరి సీసపు ముద్దనీ
ఒకే గొంతు పలకాలి.

ఎన్సియోది ఎప్పుడూ ఒంటి గాటు.
మా చెల్లెలి మాజీ మొగుడు, బస్సు డిపోలో మెకానిక్.
బూటు లేసు, పచ్చడి సీసా మూత,
ఏది బిగించినా మరొకరు విప్పలేరు.
స్లగ్గులకి అంత బిగువు వద్దని జూన్‌లో చెప్పాను.
"బస్సు నడిపేదానివి, బస్సు నడుపుకో" అన్నాడు.
బ్లూబెర్రీలు వచ్చిపోయాయి,
కొండమీద లింగన్‌బెర్రీలు ఎర్రబడ్డాయి,
మా మధ్య మాటల్లేవు.

నేను నమ్మేది అట్టపెట్టెల్ని.
ఫ్రిజ్ వచ్చిన అట్ట, పక్కింటి ఇర్మెలి టీవీ వచ్చిన అట్ట
పాతిక మీటర్ల దగ్గర నిలబెట్టి కాల్చాను.
తాడుకి పెన్సిలు కట్టి సున్నా చుట్టి
ముక్కు కారుతుంటే తూట్లు లెక్కపెట్టాను.
మూడు గాట్లకి మూడొందల పదమూడు.
నాలుగింటికి రెండొందల డెబ్భై ఎనిమిది,
ఎడమ పక్కన అరచెయ్యంత ఖాళీ,
పిచ్చుకైతే ఈకైనా రాలకుండా దూరిపోతుంది.
అలాగని మూడుకే మొగ్గుదామా అంటే
స్లగ్గులు అలిగాయి, ఐదూ ఐదు మూలలకి.
నాలుగు గాట్లతో అవే ఐదూ
కాఫీ సాసరు కింద దాక్కున్నాయి.

చెదిరిపోయేవాటిని కాస్త అదిమి పట్టాలి.
బరువైన ఒక్కదానికి దారి వదలాలి.
ఇంతకు మించి ఫిజిక్స్ నాకు రాదు.
మరలకి చుక్క గ్రీజు రాసి
నాలుగు గాట్లదాన్నే తిప్పాను.

ఆ దూరపు రేకు ఊగింది, ఆలోచించింది,
నిలబడింది.
అరచెయ్యంత ఖాళీ! దాని సంగతి నాకు తెలుసు,
రేకుకీ తెలిసినట్టుంది.
రెండో తూటాకి పడింది. రెండు సెకన్లు గోవిందా.
తెల్లరేకు మీద గీత పడలేదు.
స్లగ్గులు రెండూ నడిబొమ్మలో.
పదకొండో స్థానం. సాసేజ్ తిని
గిన్నె కడిగి వ్యాన్ ఎక్కబోతుంటే

ఎన్సియో.
తుపాకీ గొట్టాన్ని విప్పి తువ్వాలులో చుట్టి
చంటిపిల్లాణ్ణి తెచ్చినట్టు తెచ్చాడు.
ఏమైందో చెప్పలేదు, నేను అడగలేదు.
ఒంటి గాటు చోక్ గొట్టంలో ఇరుక్కుంది,
వంకరపోయిన తాళంచెవి వాడి జేబులోంచి తొంగిచూస్తోంది.
"చెప్పానా" నుంచి "విన్నావా" దాకా
నా నాలుక మీద మూడొందల గింజలు.
మింగేశాను.
"పట్టుకో" అన్నాను.

నూనె వేశాం. నూనెకి దాని టైం దానికి కావాలి.
వ్యాన్ మెట్టు మీద కూర్చుని
ఫ్లాస్కు మూతలో ఒకే కాఫీ ఇద్దరం తాగాం.
చీకటి పడుతుంటే నా పొడుగు చెవి పెట్టి తిప్పాను,
వాడు రెండు చేతులా గొట్టం పట్టుకున్నాడు.
కదల్లేదు.
మళ్ళీ నూనె. మళ్ళీ కాఫీ.
ఈసారి కిర్రుమని ఏదో వదులైంది.
ఉక్కేనా అని
వాడి ముఖంలోకి చూడలేదు.