ఆఖరి గడి

బోర్డు ఒడియాలో.
బేరం తెలుగులో.
సీసా మీద చీమతలంత రాత మాత్రం
కాశీనగర్లో ఎవరూ చదవని ఇంగ్లీషులో.
ఈ మూడింటి మధ్య ఇరవై రెండేళ్లుగా
గల్లాపెట్టె ముందు కూర్చున్నాను.
పశువుల మందుల దండాసి అంటే
వంశధారకు ఇవతల పొదుగులన్నిటికీ తెలుసు.

"పొదుగు రాయిలా ఉంది" అంటే ఒక సూది.
"చేపడం లేదు" అంటే ఇంకొకటి.
ఆ చేపు సూదిని అగ్గిపెట్టెల పక్కన పెట్టి అమ్మాను,
పేరు అడక్కుండా, పశువును చూడకుండా.
దూడ చచ్చిన గేదె కూడా
సూది గుచ్చగానే కడవలోకి కారేది.
దూడ తోలులో గడ్డి కూరే పని తప్పించావని
నాకు జున్ను తెచ్చిపెట్టారు.
తిన్నాను.

మొన్న ఎండాకాలం
ఎన్నేసీ ఆఫీసు రూలు పెట్టింది.
పాణిగ్రాహి బాబు
గళ్లు గీసిన దళసరి పుస్తకం తెచ్చి
నా చేతిలో పెట్టాడు.
తేదీ. మనిషి. పశువు.
డాక్టరు చీటీ నంబరు. మందు.
ఆఖరి గడి:
ఏ రోజు దాకా ఈ పాలు మనిషి తాగకూడదు.

అలాంటి రోజొకటి ఉంటుందని
నాకెప్పుడూ తోచలేదు.
సీసా మీదే ఉందట, ఆ చీమతలల్లో.
ఆ రాత్రి షట్టరు దించి
మనవరాలి భూతద్దంతో
సొరుగులో ప్రతి సీసా తిప్పి తిప్పి చూశాను.
మూడు రోజులు. నాలుగు. ఏడు.
ఒకదాని మీద, పాలిచ్చే పశువుకు వద్దని.
అన్నిటికన్నా ఎక్కువ అమ్మింది అదే.

ఆ మనవరాలికే కిందటేడు చెవిపోటు.
ఆసుపత్రిలో మూడుసార్లు మందు మార్చారు.
మొదటి రెండూ ఎందుకు పారలేదో
డాక్టరు చెప్పలేదు, నేనడగలేదు.
అనుమానం ఉంది.
ఆధారం లేదు.

సోమవారం సంతనాడు
కొండ దిగి వచ్చింది సొంబారి గొమాంగో.
ఒకటే గేదె. వెనక ఎడమ చన్ను వాచింది.
డాక్టరు కోసం రెండు పూటలు కాపలా కాసి
చీటీ తెచ్చుకుంది.
మందిచ్చి, గళ్లు నింపి, చదివి వినిపించాను:
"శుక్రవారం దాకా కేంద్రంలో పాలు పొయ్యకమ్మా."
వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.
రోజులు కాదు, లీటర్లు.
"ఆ పక్కన ఇంకో గడి గియ్యి సావుకారూ,
ఈ నాల్రోజులూ మేమేటి తినాలో రాద్దువు."

పుస్తకంలో ఇంకో గడికి చోటు లేదు.

మా ఊరి రూలు
ఏటి నడిమిదాకా నడిచి మునిగిపోతుంది.
అవతలి గట్టున అదే సీసా, అదే మూత,
పది రూపాయలు తక్కువ, చీటీ అక్కర్లేదు.
ఈ నెల నీళ్లు మోకాలి దాకే.
నా పాత ఖాతాదార్లు పంచె ఎగ్గట్టి
కొట్టు ముందునుంచే పోతున్నారు,
తల తిప్పుకుని.
తెల్లారేసరికి వాళ్ల పాలు
ఎదురుగా టీ కొట్లో మరుగుతున్నాయి.
నా గ్లాసు నాకు అలవాటుగా వస్తుంది.
కాసేపు చూసి,
ఒక్కోరోజు తాగేస్తాను.

గురువారం సొంబారి మళ్లీ వచ్చింది,
ఖాళీ క్యానుతో.
శుక్రవారమంటే పొద్దుటి పాలా, మాపటివా
అడిగి పోదామని.
ఏం చేశావు ఆ పాలన్నీ అన్నాను.
కుడితిలో కలపలేదట, దూడ మూతి పెడుతుందని.
పనస మొదట్లో పోసింది.
చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె వెళ్లాక
పుస్తకం అంచున సన్నగా రాశాను:
పన్నెండు లీటర్లు. పనస మొదట.

నెలాఖరుకి తనిఖీ.
పాణిగ్రాహి బాబు వేలు అంచు దగ్గర ఆగింది.
"ఎయిటా కణొ?"
"లెక్క బాబూ."
"ఈ లెక్క మేం అడగలేదే."
"అవును బాబూ, అడగలేదు."
కొట్టివేస్తాడేమోనని చూశాను.
పెన్ను మూత తీశాడు, కాసేపు పట్టుకున్నాడు,
పుట అడుగున సంతకం పెట్టాడు.

అంచు కూడా ఆ పుటలోదే.